మాస్టారి ఇంటి అరుగు

దగ్గరికి జరగండర్రా. ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యి నాన్నా, పొగ ఇటు కమ్ముతోంది. పొద్దున్న ఫోన్లో చూపించారు కదా, మీ బళ్ళో ఎప్పుడో చదువుకున్నవాళ్ళంతా కలిసి మాస్టార్లని స్టేజీ ఎక్కించి శాలువాలు కప్పారని. ముసలి మాస్టారొకాయన ఒక్కొక్కడి మొహంలోకీ కళ్ళు చికిలించి చూసి పేరు పెట్టి పిలుస్తున్నాడు చూశారా? అది చూసిన దగ్గర్నుంచీ నా మనసు విజయనగరంలో మా పాత ఇంటి చుట్టూనే తిరుగుతోంది. ఈ చలికి తొందరగా నిద్ర ఎలాగూ పట్టదు. చెబుతాను, వినండి.

ముందు మా తాతగారి సంగతి చెప్పాలి. గజపతినగరం దగ్గర పల్లెలో ఆయనది వీధిబడి. నాకు ఊహ తెలిసేసరికి ఆయన లేరు, మా నాయనమ్మ చెప్పగా విన్నవే ఇవన్నీ. బడి అంటే గదులూ గంటా ఏమీ లేవు. చావడిలో ఇసక పరిచి, పిల్లాడి వేలు పట్టుకుని ఆ ఇసకలో ఓనమాలు దిద్దించేవారు. గుంట ఓనమాలనేవారు వాటిని. చేయి కుదిరాక పలకా బలపం, ఆ తరవాత పెద్దబాలశిక్ష. పొద్దుగూకే వేళ పిల్లలంతా నిలబడి ఎక్కాలు వల్లెవేస్తుంటే పొలం నుంచి వచ్చే రైతు దారిలోనే ఆగి, తన కొడుకు గొంతు అందులో వినిపిస్తోందా అని చెవి పెట్టేవాడట.

జీతం అంటూ నెలనెలా డబ్బులుండేవి కావు. పంట ఇంటికొచ్చాక ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు కుంచాలతో గింజలు కొలిచేవారు. దసరా వచ్చిందంటే తాతగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లంబులు, వాటిల్లో పూలూ బుక్కా. పాటలు పాడుతూ గడప ముందు నిలబడితే ఇంటివాళ్ళు పంతులుగారికి తోచిన దక్షిణ ఇచ్చి, పిల్లల దోసిళ్ళలో పప్పూ బెల్లం పోసేవారు. ఆ దక్షిణే ఆయనకి ఏడాది ఆధారం. అడగడానికి ఆయన సిగ్గుపడలేదు, పెట్టడానికి వాళ్ళు విసుక్కోలేదు. ఊరి బిడ్డల చదువుని ఊరే మోసుకునేదన్నమాట. తాతగారు పోయినప్పుడు పాడె మోయడానికి పోటీ పడ్డారని చెబుతూ నాయనమ్మ కళ్ళు తుడుచుకునేది.

మా నాన్నగారి కాలానికి రోజులు మారాయి. ఆయన విజయనగరంలో హైస్కూలు లెక్కల మాస్టారు. అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో పెంకుటిల్లు, ముందు రెండు వైపులా పొడుగాటి అరుగులు. నేను పుట్టి పెరిగింది అక్కడే. విజయనగరమంటే అప్పట్లో చదువుల ఊరు. మహారాజా కాలేజీ, సంస్కృత కాలేజీ, సంగీత కాలేజీ అన్నీ ఉండడంతో పల్లెటూళ్ళ నుంచి కుర్రాళ్ళు మూటా ముల్లే కట్టుకుని నడిచి వచ్చేసేవారు. ఉండడానికి ఏ సత్రం అరుగో దొరికేది. మరి తిండి?

దానికి వారాలు చేసుకునేవారు. మీకు తెలీదు కదూ? కుర్రాడు ఏడు ఇళ్ళు చూసుకుంటాడు. సోమవారం ఒకింట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా ఏడు రోజులకి ఏడిళ్ళు. ఆ రోజు ఆ ఇంటి పిల్లలతో పాటు వాడికీ ఒక విస్తరి. వాడు వారాలబ్బాయి. మా ఇంట్లో దాదాపు ప్రతిరోజూ ఎవరో ఒకరి వారం ఉండేది. నాన్నగారి జీతం ఎంతో నాకు తెలీదు కానీ, నెలాఖరుకి అమ్మ బియ్యం డబ్బా అడుగు తడుముకోవడం మాత్రం గుర్తుంది.

అందులో ఒక చిక్కుండేది. ఏ ఇంట్లోనైనా మైల వచ్చినా, ఇంటివాళ్ళు ఊరెళ్ళినా ఆ రోజు కుర్రాడికి పస్తే. చెప్పుకోడానికి సిగ్గు. బడికి వచ్చి బల్ల మీద వాలిపోతే నాన్నగారు కనిపెట్టేవారు. మధ్యాహ్నం గంట కొట్టగానే, "ఒరేయ్, మా ఇంటికెళ్ళి లెక్కల పుస్తకం పట్రా" అని పంపేవారు. పుస్తకం కోసం మా ఇంటికి వచ్చినవాడికి అమ్మ ముందు విస్తరి వేసేది, తరవాత పుస్తకం చేతికిచ్చేది. ఆ పుస్తకం నిజానికి బడిలో ఎవరికీ అక్కర్లేదు. ఆ సంగతి నాన్నగారికీ అమ్మకీ తెలుసు. కొన్నాళ్ళకి కుర్రాళ్ళకీ తెలిసింది. అయినా ఎవరూ పైకి అనుకోలేదు. ఆకలిని మాట తూలకుండా తీర్చడం ఎలాగో నేను అక్కడే నేర్చుకున్నాను.

ఈ పద్ధతి మా నాన్నగారు కనిపెట్టింది కాదు, ఆ ఊళ్ళో అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. గురజాడ అప్పారావుగారి పేరు మీకు తెలుసు కదా, కన్యాశుల్కం రాసినాయన. చిన్నప్పుడు చీపురుపల్లిలో చదువుకున్నారు. తండ్రి పోయాక విజయనగరం చేరితే, మహారాజా కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఆయనకి ఉచితంగా నీడా తిండీ ఇచ్చి చదివించారు. 1886లో బీయే పూర్తయింది. ఆ మరుసటేడు ఆ కాలేజీలోనే పాఠం చెప్పడానికి నిలబడ్డారు. తను పాఠం విన్న చోటే తను పాఠం చెప్పడం కన్నా గురువుగారికి ఇచ్చే దక్షిణ ఏముంటుంది? మా నాన్నగారు ఈ మాట చెప్పినప్పుడల్లా గొంతు సవరించుకునేవారు.

ఇంక ఘంటసాలగారి కథ. ఇది మా ఊరి పెద్దలందరూ చెప్పుకునేదే. ఆ సంగీత కాలేజీ 1919లో విజయరామ గజపతి మహారాజు పెట్టించింది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు, ఆ తరవాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ద్వారంవారు మొదట విద్యార్థిగా చేరదామని వస్తే, దాసుగారు ఆయన వయొలిన్ విని, "నువ్వు నేర్చుకోవడమేంటి, నేర్పు" అన్నట్టుగా పంతులుగానే వేసుకున్నారని చెప్పుకుంటారు. ఎదుటివాడిలో విద్య కనబడితే దానికి దారి ఇవ్వడం ఆ కాలేజీ పుట్టుకలోనే ఉంది.

అలాంటి చోటికి కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టినవాడు. తండ్రి సూరయ్యగారు చిన్నప్పుడే పోయారు. సంగీతం నేర్చుకుంటానని తండ్రికి ఇచ్చిన మాట కోసం, వేలి ఉంగరం అమ్ముకుని, తెలిసిన మనిషి ఒక్కడైనా లేని ఊరికి వచ్చేశాడు. ఆ కాలేజీలో గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ కుర్రాణ్ణి చేరదీశారు. సాలూరు చినగురువుగారనేవారు ఆయన్ని. ఆయన కలిగినవారేం కాదు. పైసా తీసుకోకుండా తన ఇంట్లోనే పాఠం చెప్పారు. తిండికి మధుకరం. అంటే భుజాన జోలె కట్టుకుని ఇంటింటి ముందూ నిలబడడం. తల్లులు పిడికెడు పిడికెడు అన్నం వేస్తే అదే ఆ పూటకి. తెలుగువాళ్ళందరి చెవుల్లోనూ ఇవాళ్టికీ మోగుతున్న గొంతు మా ఊరి వీధుల్లో అలా పిడికెడు అన్నంతో పెరిగింది.

ఆ తరవాత ఘంటసాలగారు మద్రాసు వెళ్ళడం, సినిమాల్లో పేరు రావడం అందరికీ తెలిసిందే. నేను చెప్పదలుచుకున్నది వేరే. గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావుగారు మద్రాసులో ఘంటసాలగారి పక్కనే ఉండి, ఆయన సంగీతానికి సహాయకుడిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. గురువుగారు 1957లో పోయారు. ఘంటసాలగారు 1974లో పోయారు. అప్పటిదాకా ఆ తోడు చెడలేదు. సంగీతరావుగారు నూరేళ్ళు బతికి 2021లో కన్నుమూశారు. ఆలోచించండర్రా. తండ్రి నేర్పిన విద్య శిష్యుడి గొంతులో పలుకుతోంటే, కొడుకు ఆ పక్కనే కూచుని హార్మోనియం మెట్లు నొక్కాడు. ఆ ఇద్దరినీ ఏమనాలి? అన్నదమ్ములనే అనాలి.

సరే, మా ఇంటికి వద్దాం. ఇందాక వారాలబ్బాయిల గురించి గొప్పగా చెప్పాను గానీ, అందులో ఒక లోటు ఉంది. అది దాచి చెబితే పాపం. ఆ వారాలూ ఆ పంక్తులూ కులం చూసి పెట్టినవే. ఊరి చివర పేటల్లో పిల్లలకి ఎంత ఆకలున్నా, ఎంత తెలివున్నా, మా వీధి గడపలు తెరుచుకునేవి కావు. నాన్నగారి క్లాసులో ఆ పేట నుంచి వచ్చిన ఒక కుర్రాడుండేవాడు. లెక్కల్లో చురకత్తి. మాకు పెద్దవాడు కాబట్టి చిన్నన్న అని పిలిచేవాళ్ళం. ఇంగ్లీషు మాత్రం వాడికి పట్టుబడలేదు. పరీక్షకి ఇంకో ఏడాదుండగా నాన్నగారు, "సాయంత్రం మా అరుగు మీదకి రా" అన్నారు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు నాన్నగారు ఆవిడ దగ్గర కూచుని గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, కొండల్లో సవరల మాట ఎవరికీ పట్టకపోతే, ఒక సవర మనిషిని ఇంటికి పిలిపించుకుని ఆ మాట నేర్చుకున్నారు. వాళ్ళ మాటకి పుస్తకాలు రాశారు, వాళ్ళ పిల్లలకి బళ్ళు పెట్టారు, సొంత డబ్బు ఖర్చు పెట్టారు. "అంత పండితుడు ఒక సవర మనిషిని గురువు చేసుకుంటే ఆయన విద్య మైలపడిందా అమ్మా?" అని అడిగారు నాన్నగారు. నాయనమ్మ జవాబు చెప్పలేదు. వద్దని కూడా అనలేదు. ఆ సాయంత్రం అమ్మ లాంతరు తుడిచి అరుగు మీద పెట్టింది.

మొదట్లో అమ్మ అడ్డాకు విస్తరిలో అన్నం అరుగు మీదకే తీసుకెళ్ళి పెట్టేది. ఒక రాత్రి గాలివాన. లాంతరు ఆరిపోయింది, అరుగంతా జల్లు. నాన్నగారు చిన్నన్నని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. మా అందరితో పాటు పంక్తిలో వాడికీ విస్తరి వేసింది అమ్మ. నాయనమ్మ ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. కానీ ఆ నెల తిరక్కుండానే, పక్కగదిలోంచి తనే కేకేసింది: "ఆ కుర్రాడికి మజ్జిగ వేశావుటే?" మా ఇంట్లో ఒక యుగం ఆ కేకతో ముగిసింది నాన్నా. ఎవరూ ఉపన్యాసాలు చెప్పలేదు.

చిన్నన్న పరీక్ష నెగ్గాడు, కాకినాడలో ఇంజినీరింగు చదివాడు, నాగార్జునసాగర్ కడుతుంటే అక్కడ ఉద్యోగంలో చేరాడు. 1955 డిసెంబరులో నెహ్రూగారు పునాదిరాయి వేసిన ప్రాజెక్టు అది. అక్కడి నుంచి నాన్నగారికి కార్డులు రాసేవాడు. నాన్నగారు లెక్కల మాస్టారే గానీ తెలుగులో అక్షరం తప్పు పోతే ఊరుకునేవారు కాదు. వచ్చిన కార్డులో తప్పులకి ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, దాన్ని కవర్లో పెట్టి, పక్కన తన ఉత్తరం జతచేసి తిరిగి పంపేవారు. ఏళ్ళు గడిచినా ఒక్కో కార్డులో రెండో మూడో తప్పులు ఉంటూనే ఉండేవి. ఇంత చదివినవాడు ఇంకా "విశ్వాసం" సరిగ్గా రాయలేడా అని నాన్నగారు కంగారుపడేవారు. అసలు సంగతి చాలా కాలానికి చిన్నన్నే నాకు చెప్పాడు. "తప్పు లేకుండా రాస్తే మాస్టారు క్షేమమని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారే. తప్పుంటే దాని గురించి పేజీడు రాస్తారు. నాకు ఆ పేజీ కావాలి."

1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ తరవాత కొన్నాళ్ళకి చిన్నన్న వచ్చి అమ్మనీ నాన్ననీ రైల్లో తీసుకెళ్ళాడు. డ్యాము మీద నడిపించి, ఎక్కడెక్కడ ఏ కొలత ఎలా తీశారో చెప్పాడట. "మీరు అరుగు మీద చెప్పిన త్రికోణమితే మాస్టారూ" అన్నాడట. నాన్నగారు ఆ రాతిగోడ వంక చాలాసేపు చూసి, "ఇది కట్టిన కూలీల పిల్లలకి బడి ఉందిరా?" అని అడిగారు. "ఉంది మాస్టారూ. సాయంత్రాలు నేనే వెళ్ళి లెక్కలు చెబుతున్నాను" అన్నాడు వాడు. అంత పెద్ద ఆనకట్ట చూసి వచ్చిన నాన్నగారు ఇంటికొచ్చాక అందరికీ చెప్పింది మాత్రం ఆ సాయంత్రపు బడి గురించే.

మరో కుర్రాడి సంగతి. మా ఇంట్లో ఆదివారం వాడి వారం. బ్యాంకు ఉద్యోగం రాగానే మొదటి జీతం కవరుతో సహా తెచ్చి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు. అమ్మ కవరు తిరిగి వాడి చేతిలో పెట్టి, "నీకు ఇల్లూ వాకిలీ ఏర్పడ్డాక ఆదివారం ఒక పిల్లాడికి అన్నం పెట్టరా, నాకు ముట్టినట్టే" అంది. వాడు ఎక్కడికి బదిలీ అయితే అక్కడ ఆ మాట నిలబెట్టుకున్నాడు. వాడి భార్య నాకు చెప్పింది, ఆదివారం వాళ్ళింట్లో ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పడుతుందని.

గురువుకి శిష్యుడి మీద ఆశ ఏమిటో తెలుసా? తనకన్నా పైకి వెళ్ళాలనే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతంగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు ఉన్నారు. విశ్వనాథవారు రామాయణ కల్పవృక్షం మొదట్లోనే, మా గురువుగారికి దక్కిన భోగం నన్నయకీ తిక్కనకీ కూడా దక్కలేదని రాశారు. ఏమిటా భోగమంటే, తనలాంటి శిష్యుడుండడం. కొందరికి అది గర్వంగా కనబడొచ్చు. నాకు మాత్రం, నా పేరంతా మా గురువుగారి ఖాతాలోనే రాసుకోండని ఆ శిష్యుడు లోకానికి చెప్పినట్టే వినబడుతుంది. ఆ విశ్వనాథవారికి ఆ తరవాత జ్ఞానపీఠం వచ్చింది.

నాన్నగారు పోయాక అమ్మ ఆ ఇంట్లో ఒక్కత్తే మిగిలింది. అన్నయ్య బొంబాయిలో, నేను మీ తాతగారితో ఇక్కడ. ఎవరి దగ్గరికి రమ్మన్నా రానంది. నాకు బెంగగా ఉండేది. ఒకసారి చెప్పకుండా వెళ్ళాను. ఒక పెద్దాయన వరండాలో కూచుని అమ్మకి పేపరు చదివి వినిపిస్తున్నాడు. మర్నాడు ఇంకొకాయన తోటకూరా పాలూ తెచ్చి, బావి గిలకకి తాడు మార్చి వెళ్ళాడు. ఆ మర్నాడు మరొకాయన మందుల చీటీ పట్టుకుని వచ్చాడు. ఏమిటే ఇదంతా అని అడిగితే అమ్మ చెప్పింది. ఊళ్ళో ఉన్న పాత శిష్యులంతా కూచుని రోజుకొకరు చొప్పున పంచుకున్నారట. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, అలా ఏడు రోజులూ. వాళ్ళంతా అప్పటికే జుట్టు నెరిసి, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు. ఒకప్పుడు మా ఇంట్లో వారాలు చేసుకున్న చేతులే అవి. చిన్నన్న రిటైరై విజయనగరం వచ్చి స్థిరపడ్డాడు. శనివారం అతనిది. అమ్మ చివరి రోజు కూడా శనివారమే. తలకొరివి అన్నయ్య పెట్టాడు గానీ, పక్కన భుజం పట్టింది చిన్నన్నే. మా బంధువుల్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు ఆ వారాలు లేవు, జోలెలు లేవు. పోవలసినవే. తిండి కోసం ఏ బిడ్డా గడప ముందు నిలబడకూడదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు, ఆ తరవాత రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో వచ్చాయి. పేదింటి పిల్లలు కులమేదని అడిగేవాళ్ళు లేకుండా ఒకే పంక్తిలో తిని ఒకే గదిలో చదువుకుంటున్నారు. జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన రాత్రంతా కూచునే మాస్టార్లు, ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లకి తల దువ్వి జడ వేసే టీచరమ్మలు అక్కడ ఇవాళ్టికీ ఉన్నారు. పద్ధతి మారింది, పని అదే.

ఇన్నేళ్ళూ చూశాక నాకు తెలిసింది ఒకటే. డబ్బు బాకీ అయితే తీర్చేసి ఎవరి దారిన వాళ్ళం పోతాం. గురువు దగ్గర తీసుకున్నది తీరదు. తీరదు గనకే రాకపోకలు ఆగవు, ఒక తరంతో అయిపోదు, వాళ్ళ పిల్లలకీ మన పిల్లలకీ మధ్య కూడా నడుస్తూనే ఉంటుంది. తీర్చెయ్యాలని తొందరపడకండి. మోస్తూ ఉండండి, ఇంకొకరికి అందిస్తూ ఉండండి.

శాలువా కప్పారు, మంచిదే. దండ వేశారు, అదీ మంచిదే. కానీ ఆ సభ అయిపోయాక మాస్టారు ఇంటికెళ్ళి ఒక్కరే కూచుంటారు. మీకు తొమ్మిదో తరగతిలో సైన్సు చెప్పినాయన ఈ ఊళ్ళోనే ఉన్నారుగా? సంక్రాంతి సెలవులు ఇంకా మిగిలున్నాయి. రేపు పొద్దున్నే స్నానాలు చేసి ఇద్దరూ వెళ్ళి రండి. ఏమీ పట్టుకెళ్ళకపోయినా ఫరవాలేదు. ఏం చదువుతున్నారో, ఏం పని చేస్తున్నారో చెప్పండి. ఆయన ఏదైనా అడిగితే తెలిసిందే మళ్ళీ తెలియనట్టు వినండి. లేచి వచ్చేటప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పండి, చెప్పిన రోజున వెళ్ళండి.